అందరికీ తెలిసిన జవాబు

ఆ రోజు గంగాధరప్ప ఇంట్లో నలుగురున్నారు. వసారాలో విత్తనం పల్లీల కోసం చెనిక్కాయలు ఒలుస్తూ గంగాధరప్ప, లోపలి గదిలో పడుకున్న ఆయన కొడుకు తిప్పేష్, వీధివైపు గదిలోని ఆయన నెట్ సెంటర్లో పనిచేసే మల్లీశ్వరి, ఆమె పక్కన స్టూలు మీద ఎస్తేరు.

ఆరేళ్లుగా ఆ గదిలోని రెండు కంప్యూటర్లకూ దుమ్ము తుడిచేది మల్లీశ్వరే. శింగనమలలో సగం మందికి మెయిల్ ఖాతా తెరిచిపెట్టింది ఆమే. మీటలు కొట్టీ కొట్టీ చూపుడువేలి గోరు ఒకపక్కకు అరిగిపోయింది. జనం పాస్‌వర్డ్ మరిచిపోయి నెలకోసారి వచ్చి తల గోక్కునేవాళ్లు. అందుకని అందరివీ ఒక పచ్చట్ట నోటుబుక్కులో రాసి, దారం కట్టి మేకుకు తగిలించింది. ఎస్తేరు మాత్రం రాయనివ్వలేదు. నాది నా తలకాయలోనే ఉండనీలే అక్కా, అంది.

ఇప్పుడు ఆ పాస్‌వర్డే పనిచేయడం లేదు. మూడోసారీ ఎర్ర అక్షరాలే వచ్చాయి.

నీటి సర్వే ఉద్యోగానికి ఎంపికైనవాళ్ల జాబితాలో ఎస్తేరుది మొదటి పేరు. చేరతానని సాయంత్రం ఐదులోపు మెయిల్లో జవాబివ్వాలి. లేదంటే ఉద్యోగం రెండో పేరుకు పోతుంది. నాలుగింటికి ఊళ్లో కరెంటు తీసేస్తారు. గడియారంలో నాలుగుకు ఇంకా పన్నెండు నిమిషాలుంది.

"సరిగ్గా కొట్టినావా మే?"

"కండ్లు మూసుకొని కొడతా అక్కా. నిన్న పొద్దున గూడా తెరిచినా."

మల్లీశ్వరి 'పాస్‌వర్డ్ మరిచాను' అన్నచోట నొక్కింది. రహస్య ప్రశ్న వచ్చింది. మీ అమ్మ పేరేమిటి? మారెమ్మ అని కొట్టగానే మెయిల్ తెరుచుకుంది.

"ఇంత సులువా!" ఎస్తేరు నవ్వింది.

మల్లీశ్వరికి నవ్వు రాలేదు. ఆ ప్రశ్న పెట్టింది తానే. అమ్మ పేరు ఎవరూ మరిచిపోరని ఊరందరికీ అదే పెట్టింది. మారెమ్మ కూతురా అనే కదా ఊళ్లో ఎస్తేరును పిలిచేది.

పంపిన మెయిళ్లలో నిన్న మధ్యాహ్నం రెండుంబావుకు పోయినది ఒకటుంది. "నేను ఉద్యోగంలో చేరలేను."

"నేను రాయలేదక్కా." ఎస్తేరు స్టూలు అంచు పట్టుకుంది.

నిన్న ఆ వేళకు మల్లీశ్వరి అన్నానికి పోయింది. కుర్చీలో తిప్పేష్‌ను కూర్చోబెట్టి పోయింది. రెండో పేరు అతనిదే.

మల్లీశ్వరి వేళ్లు మీటల మీద పరుగెత్తాయి. నిన్నటిది నేను రాసింది కాదు, తప్పక చేరతాను. పంపింది. నాలుగుకు నాలుగు నిమిషాలు. కీబోర్డు ఎస్తేరు వైపు జరిపింది.

"పాస్‌వర్డు మార్చుకో, ప్రశ్న గూడా మార్చుకో. నీకు దప్ప ఎవరికీ తెలియంది పెట్టు. నాకూ చెప్పొద్దు."

గోడకేసి తిరిగి కూర్చుంది. వెనక మీటలు చాలాసేపు టకటకలాడాయి. "అయిందక్కా" అన్న మాట వెనకాలే ఫ్యాను ఆగింది.

ఎస్తేరును పంపేసి మల్లీశ్వరి వసారాలోకి వచ్చి, జరిగింది చెప్పింది. గంగాధరప్ప చేతులు చెనిక్కాయల్లో ఆగిపోయాయి.

"వాడు చేసింది నువ్వు చూసినావా?"

"చూడలేదప్పా. కుర్చీలో ఉండింది వాడే. తప్పు నాది గూడా ఉండాది. అందరి ప్రశ్నలూ మార్చాల. ఆ బుక్కు కాల్చేస్తా."

"ఆరేండ్లు నా ఇంట్లో నీడకు కూచొని, నా కొడుకునే దొంగంటావా." ఆయన గొంతు పెంచలేదు. "పోమ్మా. రేపట్నించి రావద్దు."

"పోతా. బుక్కు ఇయ్యి."

"ఆడ నీదేమీ లేదు."

ఆమె నెట్ సెంటర్ గడప దగ్గరికి చేరేలోపే ఆయన లోపలికి పోయి తలుపు మూశాడు. గడియ పడింది. కిటికీ చువ్వల్లోంచి చూస్తే, చీకటి గదిలో మేకుకు పచ్చట్ట నోటుబుక్కు, తలుపు విసురుకు ఇంకా మెల్లగా ఊగుతూ ఉంది.