సముద్రం దాటాల్సిన రగ్గు

వడ్రంగి నోట్లో మేకులు కరుచుకుని పెట్టె అంచుకి చెక్క దిగ్గొడుతున్నాడు. చర్చి వెనక గదిలో ఈ ఏటికి ఇదే ఆఖరి పెట్టె. సముద్రం అవతల మిషన్ ఆసుపత్రికని చర్చికి వచ్చే ప్రతి ఇల్లూ ఏదో ఒకటి ఇస్తుంది. పెట్టెలు చేసివ్వడం మాత్రం పెళ్లయిన నాటి నుంచీ అతని వంతే.

మూత వెయ్యబోతూ ఆగాడు. పిల్లల గౌన్ల కింద బూడిదరంగు ఉన్ని రగ్గు, మూలన ఎర్రదారంతో రఫ్ఫు. ఆ రఫ్ఫు అతని భార్య చేతిది. పొద్దున రగ్గేదని అడిగితే ఉతకడానికి వేశానంది మహాతల్లి! పక్కింటావిడ చేత పంపించి ఉంటుంది.

ఆమె అనాథగా సిస్టర్ల మఠంలో పెరిగింది. ఏ దేశం నుంచో ఇలాంటి పెట్టెలోనే వచ్చిన ఆ రగ్గు కప్పుకునే పెద్దదైంది. ఎండాకాలంలో సైతం నిద్రలో గడ్డం దాకా లాక్కునేది. "పెళ్లానివా, బట్టల మూటవా?" అని అతను ఏడిపించేవాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా వణుకు ఆగడం లేదు. చెయ్యగలిగిందేం లేదు, వెచ్చగా ఉంచమన్నాడు డాక్టరు. ఆ ఒక్కటే అతని చేతిలో మిగిలింది.

ఫాదర్‌కి మాటైనా చెప్పకుండా రగ్గును పనిముట్ల సంచిలో కుక్కి, మూత బిగించి ఇంటికి పరుగెత్తాడు. కప్పబోతుంటే ఆమె కళ్లు తెరిచింది.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"కాళ్లొచ్చి."

"దొంగతనమా? అదీ గుళ్లో!"

"నువ్విలా వణుకుతుంటే ఎలా చూడనే? ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లకి..."

"నాకిచ్చినావిడకి నా ముక్కూమొహం తెలుసా?" దగ్గు ఆగాక అంది. "పెట్టెల లారీ వచ్చేలోపు మూత ఊడదీసి పెట్టిరా. లేకపోతే నాకు నిద్రపట్టదయ్యా."

బతిమాలాడు. కాళ్లు పట్టుకున్నాడు. అవి చెక్కల్లా బిగుసుకుని చల్లగా ఉన్నాయి. ఆమె మొహం గోడవైపు తిప్పేసుకుంది.

రగ్గు మళ్లీ సంచిలో పెట్టి, భుజాన వేసుకుని బయలుదేరాడు గానీ పెరటి గోడ దాటలేదు. చర్చికి వెళ్లొచ్చేంతసేపూ దాని వెనకే కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. హారన్ కొట్టుకుంటూ లారీ వీధి దాటిపోయింది. నిద్రపట్టగానే కప్పేస్తాను, దేవుడు నన్నేం చేస్తాడో చెయ్యనీ అనుకుని లోపలికి వచ్చాడు.

"ఎక్కించారా?"

"ఎక్కించారు."

"ఏ పిల్లకి దక్కుతుందో," అని నవ్వి కళ్లు మూసుకుంది. అంత తేలిగ్గా ఆమె నవ్వి చాలా కాలమైంది.

కాసేపటికి దగ్గు సద్దుమణిగింది. అమ్మయ్య, నిద్రపట్టింది అనుకుని రగ్గు తీశాడు. పాదాల కింద దోపి, ఛాతీ దాకా కప్పాడు. మిగతాది ఎప్పటిలా తనే లాక్కుంటుందని మంచం పక్కన కూర్చున్నాడు.

దీపం పెట్టే వేళయింది.

"లాక్కోవే," అన్నాడు మెల్లగా.

రగ్గు అంచు అతను వదిలిన చోటే, గడ్డానికి జానెడు కింద ఉండిపోయింది.