పక్కన కూర్చోకూడని మనిషి

నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఇదే: నా కూతురికి మూర్ఛ వచ్చే నిమిషానికి నేను దాని పక్కన ఉండను.

ఆరేళ్ళది. పిచ్చుక అని పిలుస్తాం. మూర్ఛకు ముందు దాని ఎడమ బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోతుంది. అప్పుడే వేలు విప్పి, గట్టిగా రుద్దుతూ పిలుస్తూ ఉంటే చాలాసార్లు రాబోయేది వెనక్కి పోతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. నాలుగేళ్ళుగా దాని చేతినే చూస్తూ అన్నం తింటున్నదాన్ని.

మందులకు లొంగడం లేదని పెద్ద డాక్టరు కొత్త పరీక్ష చెప్పాడు. పుర్రె తెరవక్కర్లేదట. మెడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి మెదడులోని నాళం దాకా చేరుస్తారట. మూర్ఛ ఎక్కడ పుడుతోందో అది పట్టిస్తుంది, చోటు తెలిస్తే నయం చేయొచ్చు. పన్నెండు పేజీల కాగితాలు ఇచ్చారు. ఎనిమిదో తరగతి చదువుకు అందినంత చదివి, మిగతాది ఆయన ముఖం చూసి సంతకం పెట్టాను.

తీగ వేశారు, మందులు ఆపారు. మూడు రోజులైనా పనికొచ్చే రికార్డు ఒక్కటీ పడలేదు. నాలుగో రోజు పొద్దున టెక్నీషియన్ గదిలోని కెమెరా వీడియో వెనక్కి తిప్పి చూసి నన్ను పిలిచాడు. ఆ వేలు పట్టుకుని ఏం చేస్తున్నారని అడిగాడు. కాస్త గర్వంగానే చెప్పాను.

"మొదలవగానే మీరు ఆపేస్తున్నారమ్మా. పూర్తిగా వస్తేనే కదా మాకు దొరికేది. రేపు సాయంత్రం తీగ తీసేయాలి, అంతకుమించి ఉంచకూడదు."

ఇంకొకరిని కూర్చోబెట్టమన్నారు. నా భర్తకూ వేలు విప్పే అలవాటుంది కాబట్టి పనికిరాడు. చివరికి మా అత్తగారిని ఒప్పుకున్నారు. కుర్చీ కనబడితే కునుకు తీసే మనిషి.

"ఇన్నాళ్ళకు నా నిద్ర కూడా ఒక పనికొచ్చింది" అందావిడ దుప్పటి సర్దుకుంటూ. "నువ్వు దగ్గర లేకపోతేనే పిల్ల బాగుపడుతుందట. నేనన్నది కాదు తల్లీ, డాక్టర్లే అన్నారు."

నర్సు చూసుకుంటుందన్నారు. ఆ నర్సుకు ఆరు గదులు. నన్ను కింద లిఫ్టు పక్క బెంచీ దాటి, పిల్ల ఉన్న మూడో అంతస్తుకు రావద్దన్నారు.

కన్నతల్లినై ఉండి, నా బిడ్డకు మూర్ఛ రావాలని కోరుకుంటూ కూర్చున్నాను. రాకపోతే దాని మెడ మీద గాటు ఊరికే పోతుంది. వస్తే నాకు చెప్పేవాళ్ళు లేరు.

మీలో ఎవరైనా ఆ మూడో అంతస్తుకు వెళ్ళేవాళ్ళుంటే, వరసలో చివరి గది. తలుపు అద్దంలోంచి ఒక్కసారి తొంగిచూడండి. అమ్మ ఏదని అడుగుతోందేమో చూసి, ఎలా ఉందో వచ్చి చెప్పండి.