లిక్ సర్బిని ఎంచిన ల్యాప్‌టాప్

వొనోగిరి కొండల్లో పక్కన దళారి లేకుండా ఎవరూ ఆవును కొనరు. పర్జోనో అయితే మోటారుసైకిలు కూడా దళారి లేకుండా కొనలేదు. కనుక ఇంటికి ల్యాప్‌టాప్ కొనాలనుకున్నప్పుడు పశువుల దళారి సర్బిని ఇంటికే ముందు వెళ్లాడు. సర్బినిని ఊరంతా లిక్ అంటుంది, బాబాయ్ అన్నట్టు.

ల్యాప్‌టాప్ పర్జోనో భార్య రుస్మి కోసం. ఆమె ఊరి బాలవాడిలో ఆయా. ఇంటర్‌కి సమానమైన పరీక్ష పాసైతేనే వచ్చే ఏడు పని ఉంటుందని చెప్పారు. ఆ పరీక్ష కాగితం మీద కాదు, కంప్యూటర్ మీద. వచ్చే నెలే. రుస్మి అప్పటికి మౌసు పట్టి ఎరగదు.

సంత రోజు చూసి ముగ్గురూ వెళ్లారు. పశువుల సంత వెనక వీధిలో గలిహ్ అనే అతను పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతాడు. వాళ్లకి టీ ఇచ్చి, వాళ్ల స్తోమతుకి సరిపోయేవి రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి బూడిద రంగుది, పల్చన. ఇంకోటి నల్లది, వెడల్పుగా, పీటలా ఉంది.

లిక్ సర్బిని పల్చటిదాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాడు.

"దీనికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మేత పెట్టట్లేదా ఏమయ్యా?"

"అది అంతే లిక్. బరువు లేకపోవడమే దాని గొప్ప."

"నలభై ఏళ్లుగా సంతలో తిరుగుతున్నా. బక్కదాన్ని గొప్పదని అమ్మేవాణ్ణి నిన్నే చూశా."

నల్లదాన్ని రెండు చేతులా ఎత్తాడు. అడుగున వేళ్లతో తట్టాడు. మూత తెరిచి, పళ్లు చూసినట్టు మీటలన్నీ చూసి, మూశాడు. "ఇదీ ఒళ్లంటే."

"ఒక్క మాట, ముందే చెబుతున్నా," అన్నాడు గలిహ్. "దీని బ్యాటరీ పోయింది. ఎప్పుడూ కరెంటు తీగకి తగిలించే ఉంచాలి."

"మంచి ఆవు కట్టుకొయ్య వదిలి ఎక్కడికి పోతుంది? ఊరు తిరిగేదాంతో మాకేం పని?"

పర్జోనో నవ్వాడు. గలిహ్‌కీ నవ్వొచ్చింది. రుస్మి నవ్వలేదు. తీగ అన్న మాట దగ్గరే ఆమె ఆలోచన ఆగిపోయింది. వాళ్లింట్లో చిన్న మీటరు. అన్నం కుక్కరు ఉడుకుతుండగా నీళ్ల మోటారు వేస్తే టప్పున మీట పడిపోయి ఇల్లంతా చీకటవుతుంది. చెబుదామని నోరు తెరిచింది. అప్పటికే లిక్ భుజాన ఉన్న లుంగీలాంటి సరోంగు తీసి గలిహ్ చేతి మీదా, తన చేతి మీదా కప్పేశాడు. లోపల వేళ్లు ధర మాట్లాడుకుంటున్నాయి. చేతులు కప్పాక పక్కవాళ్లు నోరెత్తకూడదు. అది సంత మర్యాద. రుస్మి టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది.

బేరం తెగింది. నల్లది ఇంటికొచ్చింది.

సాయంత్రం రుస్మి వంటింటి పక్క గదిలో పెట్టుకుని నమూనా పరీక్ష తెరిచింది. చెయ్యి కాస్త అలవాటు పడి, జవాబులు ఒక్కొక్కటే పెడుతూ సగం దాటింది. పెరట్లో పర్జోనో బాతుల కుంటలోకి మోటారు వేశాడు. మీటరు పడింది. దాంతోపాటే తెర కూడా నల్లబడింది. మీటరు మీట పైకెత్తి మళ్లీ తెరిస్తే పరీక్ష మొదటి ప్రశ్న నుంచి వచ్చింది. పెట్టిన జవాబు ఒక్కటీ లేదు. మర్నాడు ఇస్త్రీపెట్టె వల్ల అదే జరిగింది.

రుస్మి మూత దించి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"మోటారు ఆపేదాకా ఆగొచ్చుగా," అన్నాడు పర్జోనో గుమ్మంలోంచి.

"ఇవాళ మోటారు కాదు. మీ చొక్కా."

"చొక్కా రేపు ఇస్త్రీ చేసుకుందును."

"రేపు అన్నం వద్దంటారు. ఎల్లుండి నీళ్లొద్దంటారు. పరీక్ష అయ్యేదాకా దీపం పెట్టుకుని పస్తులుందామా?"

అతను తల గోక్కున్నాడు. "ఇలా అవుతుందని కొట్లోనే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చేతులు కప్పేశారుగా."

ఇక లిక్‌కి చెప్పాలి. చెప్పేదెలా? తను కుదిర్చిన గొడ్డు ఏదీ తిరిగి రాలేదన్నది లిక్ పరువు. ఆ మాట పెళ్లిళ్లలో చెప్పుకుంటాడు, చావు ఇళ్లలోనూ చెప్పుకుంటాడు. పర్జోనో పొద్దున్నే రెండుసార్లు చెప్పులేసుకున్నాడు, రెండుసార్లు విప్పేశాడు. చూసి చూసి రుస్మి అరటికాయ బజ్జీలు నాలుగు ఆకులో చుట్టుకుని తనే వెళ్లింది.

లిక్ ఆవుని కడుగుతున్నాడు. ఆమె చేతిలో పొట్లం చూడగానే అన్నాడు, "బజ్జీలతో వచ్చారంటే ఏదో చెడ్డ కబురే."

"ల్యాప్‌టాప్ సంగతి, లిక్."

"నిలబడటం లేదా?"

"తీగకి కరెంటు ఆగితే పడిపోతోంది. మా మీటరు మీకు తెలుసుగా. పరీక్ష నెల కూడా లేదు. కొట్లోనే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను."

లిక్ ఆవు వీపు మీద గడ్డిచుట్టతో రుద్దుతూనే ఉన్నాడు. రుస్మి పొట్లం చేతిలోనే పట్టుకుని చూస్తోంది. ఈయన కాదంటే గలిహ్ దగ్గరికి ఏ మొహంతో వెళ్లడం? అమ్మినవాడు లోపం ముందే చెప్పాడు. చెవిన పెట్టనిది వీళ్లే.

"మొదటి వారంలో కూలబడ్డ గొడ్డు వెనక్కి పోవాలి," అన్నాడు చివరికి. "ఆ కట్టుబాటు పెట్టిందే మా నాన్న. నాకు మటుకు వర్తించదా? ఆ బజ్జీ ఇలా ఇవ్వు." ఒకటి నమిలి మింగి, "నాకు ఆవులు తెలుసు. ల్యాప్‌టాప్‌ని నువ్వే ఎంచుకో. బేరం మటుకు నాది," అన్నాడు.

ముగ్గురూ మోసుకొచ్చిన నల్లదాన్ని మళ్లీ చూసి గలిహ్ ఆశ్చర్యపోలేదు. "వస్తారనుకున్నా. నేనే మొన్న అడగాల్సిందమ్మా. ఇంట్లో దీంతో మీకేం పని?"

ఇన్నాళ్లలో ఆ మాట అడిగింది అతనొక్కడే. రుస్మి చెప్పింది. పరీక్ష చదువు. పిల్లాడి బడి పని. బతామ్‌లో ఉన్న చెల్లెలి మొహం చూస్తూ మాట్లాడటం. అన్నీ సాయంత్రాలే, అన్నం ఉడుకుతుండగా.

"ఇంతేనా? ఆటలూ, సినిమాలు కత్తిరించడాలూ ఏం లేవుగా? అయితే ఈ బక్కదే చాలు. బ్యాటరీ కొత్తది వేశాను. గొంతు కాస్త చిన్నది, మూత మీద ఇక్కడో గీత ఉంది. మీ ఇష్టం."

రుస్మి బక్కదాన్ని తెరిచింది. అది వెంటనే వెలిగింది. తీగ లాగేసి పక్కన పడేసింది. వెలుగుతూనే ఉంది. అక్కడే కూర్చుని నమూనా పరీక్ష మొదటినుంచి రాయడం మొదలుపెట్టింది. గలిహ్, లిక్ గుమ్మం దగ్గర సిగరెట్లు కాలుస్తూ దూడల రేట్లు మాట్లాడుకున్నారు. పర్జోనో ఆమె భుజం మీంచి చూడబోతే మోచేత్తో నెట్టింది.

చివరి ప్రశ్న అయిపోయి, తెర మీద మార్కులు వచ్చాయి. గొప్పవేం కాదు. కానీ ఉన్నాయి.

"ఇది," అంది.

లిక్ సరోంగు తీశాడు.

"ఒక్క నిమిషం, చేతులు కప్పకండి," అంది రుస్మి. "దీని తీగ కూడా సంచిలో పెట్టారో లేదో చూడనివ్వండి."

గలిహ్ నవ్వుతూ తీగ చుట్టి సంచిలో వేశాడు. అప్పుడు కప్పుకున్నారు. ఎంతకి తెగిందో ఆమె అడగలేదు. లిక్ మొహం చూస్తే మరీ నష్టపోయినట్టు లేడు.

పరీక్ష రోజు పట్నంలో హాలు బయట పర్జోనో బండి మీద కాలు ఊపుతూ కూర్చున్నాడు. పాసైందన్న కబురు రావడానికి ఇంకో నెల పట్టింది. కానీ రుస్మికి బరువు దిగింది మాత్రం ఆ మధ్యాహ్నమే. మెట్లు దిగి వచ్చి బండి పక్కన నిలబడింది.

"ఎలా రాశావు?"

"ఆకలేస్తోంది."

"అడిగింది అది కాదు."

"పొద్దున్నుంచీ ముద్ద దిగలేదండీ. ఇప్పుడు ఆకలేస్తోంది. పక్కనావిడకి మౌసు ఎలా పట్టుకోవాలో కూడా నేనే చెప్పాను."

పర్జోనో రోడ్డవతల సోతో పులుసు బండి దగ్గర రెండు గిన్నెలు చెప్పాడు. కోడిపులుసులో అన్నం కలుపుకుని ఆమె తనది ఖాళీ చేసి, అతని గిన్నె వైపు చూసింది. అతను దాన్ని ఆమె ముందుకు జరిపాడు.