నడుం పడతావా, కాళ్లు పడతావా

మోహనకృష్ణ నయా రాయపూర్‌లో ఇల్లు కట్టాక, అందులో కాపురం చెయ్యడం కంటే దాన్ని చూపించడానికే ఎక్కువ కష్టపడ్డాడు. అక్కడ రోడ్లు వెడల్పు, మనుషులు పల్చన. వచ్చి చూసి కుళ్లుకునే ఇరుగుపొరుగు కూడా లేరు. అందుకని ఆదివారాలు పాత ఊళ్లోని తెలీబంధా నుంచో రైల్వే కాలనీ నుంచో ఎవరో ఒకరిని కారెక్కించి తెచ్చుకునేవాడు. గేటు దగ్గర మొదలుపెట్టి మేడమీది స్నానాలగది దాకా తిప్పేవాడు. వచ్చినవాళ్లు ‘అబ్బ’ అనాలి. అనకపోతే అనేదాకా అక్కడే నిలబెట్టేవాడు. హాల్లో సోఫాలకు కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. ఎవరైనా కూర్చుంటే అవి చప్పుడు చేసేవి, ఆయన ముఖం చిట్లించేవాడు.

ఒకప్పుడు రైల్వేలో గుమాస్తా. ఆ ఉద్యోగం వదిలి సర్కారు ఆఫీసులకు బల్లలు, బీరువాలు సప్లై చేసి పైకొచ్చాడు. పైకొచ్చాక కిందికి చూడకూడదని ఒక నియమం పెట్టుకున్నాడు. దాన్ని మాత్రం నిష్ఠగా పాటించాడు.

భార్య రమణమ్మ పని ట్రే పట్టుకుని వెనక నడవడం. ఆమె నేలను రాయి అంటే, “రాయి అనకే, ఇటాలియన్ అను” అని వచ్చినవాళ్ల ముందే దిద్దేవాడు. కూతురు నవ్య పెళ్లయి నాగపూర్ వెళ్లిపోయాక ఆ ఇంట్లో రమణమ్మతో మాట్లాడేది టీవీ ఒక్కటే.

అలాంటి రోజుల్లో రెబెకా ఫోన్ చేసింది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా రిటైరైన రూతమ్మకు మేనకోడలు ఆ పిల్ల. రూతమ్మ పెళ్లి చేసుకోలేదు. కాలనీ పక్కనే రెండు గదుల ఇంట్లో ఆ ఇద్దరే ఉంటారు. “ఆంటీ, అత్తకి పక్షవాతం వచ్చింది. నాకు పగలంతా ఆసుపత్రిలో డ్యూటీ. మనిషి దొరికేదాకా ఒక్కరోజు తోడుంటారా?” అంది. నవ్య పుట్టినప్పుడు రమణమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నది రూతమ్మే. రమణమ్మ ఇంకేమీ అడక్కుండా బస్సెక్కింది.

ఆ రోజు జావ కాచి, చెంచాతో నోటికందించింది. రూతమ్మ మింగి, వంకరపోయిన మూతితో కసిరింది. “ఉప్పేదే? పోయింది నా మూతి. నాలిక చచ్చిపోలేదు.”

రమణమ్మకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి కడుపు పట్టుకుంది. తానలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు.

మరునాడూ వెళ్లింది. ఆపైన మనిషిని వెతకొద్దని రెబెకాతో చెప్పేసింది. రూతమ్మను పక్కకు ఒత్తిగిలించేది, ఒళ్లు తుడిచేది, గుడ్డలు ఉతికేది, తలదువ్వేది. సాయంత్రం బస్సులో చేతుల నిండా డెట్టాల్ వాసనతో తిరిగొచ్చి, పడుకోగానే నిద్రపోయేది. అంతకుముందు ఇటాలియన్ రాయి మీద రాత్రంతా తిరిగినా ఆమెకు నిద్ర పట్టేది కాదు.

మోహనకృష్ణకు తల కొట్టేసినట్టయింది. “ఎవరి గుడ్డలో ఉతుకుతన్నావంట! లోగ్ క్యా కహేంగే? నలుగురూ ఏటనుకుంటారు? ఈ ఇంట్లో నీకేటి తక్కువైందే?”

“ఏటీ తక్కువ లేదండీ. ఇక్కడ సామాను తుడుస్తన్నాను, అక్కడ మనిషిని తుడుస్తన్నాను. మనిషైతే తిరిగి నా మొహం చూస్తాది.”

ఆయనకు అర్థం కాలేదు. ఏ దేశానిదో చెప్పలేని మాట ఆయనకు ఎక్కదు.

కొన్నాళ్లకు డాక్టరు రూతమ్మను రోజూ కాసేపు కూర్చోబెట్టమన్నాడు. మామూలు కుర్చీలో ఆమె ఒక పక్కకు ఒరిగిపోతోంది. మోహనకృష్ణ హాల్లో మీట నొక్కితే వాలే తోలు కుర్చీ ఒకటుంది. తలనూనె అంటుకుంటుందని అందులో ఎవర్నీ కూర్చోనివ్వడు, తనూ కూర్చోడు. ఆయన ఆరంగ్ వైపు స్థలం చూడ్డానికి వెళ్లిన రోజు, రమణమ్మ ఛోటా హాథీ అనే చిన్న సామాన్ల బండి మాట్లాడి దాన్ని రూతమ్మ ఇంటికి ఎక్కించేసింది.

ఆయన తిరుగుదారిలో శివాజీ అనే అధికారిని, ఆయన భార్యను వెంటబెట్టుకొచ్చాడు. “ఇంక ఇది చూడండి, జర్మనీది” అంటూ చెయ్యి చాపాడు. చెయ్యి గాల్లోనే ఆగింది. తివాచీ మీద నాలుగు గుంటలు తప్ప ఏమీ లేదు.

“రిపేరుకెళ్లింది” అన్నాడు.

“జర్మనీది కూడా రిపేరుకొస్తుందా?” అంది శివాజీ గారి భార్య.

వాళ్లను సాగనంపిన వెంటనే డ్రైవర్ని తీసుకుని కాలనీకి బయల్దేరాడు. అక్కడ ముందుగదిలో రూతమ్మ ఆ కుర్చీలో వాలి కూర్చునుంది. తలకు చక్కగా నూనె రాసి జడేశారు. కాలనీ ఆడవాళ్లు చుట్టూ చేరి చిక్కుళ్లు వలుస్తున్నారు. రమణమ్మ నేల మీద కాళ్లు చాపుకుని ఏదో చెబుతోంది, అందరూ నవ్వుతున్నారు. మోహనకృష్ణను చూసి నవ్వు ఆపేశారు.

“ఆ కుర్చీ నాది. ఆవిణ్ణి లేపండి” అన్నాడు.

రమణమ్మ లేవబోయింది. రూతమ్మ బాగున్న చేత్తో ఆమెను ఆపి, మాట ముద్దగా వస్తున్నా నిదానంగా అంది. “అలాగే నాయనా, పట్టుకెళ్లు. నన్ను లేపాలంటే ఇద్దరు కావాలి. రమణమ్మ ఒకవైపు పడతాది. నువ్వు నడుం పడతావా, కాళ్లు పడతావా?”

మోహనకృష్ణ ఆమె కాళ్ల వైపు చూశాడు. వాచిన పాదాలు, ముడతల చర్మం. సొంత తల్లి మంచానపడ్డప్పుడు కూడా ఆమె గది గుమ్మం దాటి లోపలికి వెళ్లని మనిషి. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఆడవాళ్లందరూ ఆ చేతుల వైపే చూస్తున్నారు. చివరికి ఆయన గొంతు సవరించుకుని పెద్దగా అన్నాడు. “పోనీలెండి, ఉంచుకోండి. దానం ఇచ్చాననుకుంటాను.” అని కుర్చీ వెనక నిలబడి, దాని మీద చెయ్యేసి, “ఫోటో తియ్యి” అని డ్రైవర్‌తో అన్నాడు.

ఫోటో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పడింది. కింద ‘మానవసేవ’ అని రాసుకున్నాడు. దండాలు, పూలగుత్తులు వచ్చిపడ్డాయి. వాటిని కూడా వచ్చినవాళ్లకు చూపించడం మొదలుపెట్టాడు. అంత మంచిపేరు ఊరికే వస్తుందని తెలిస్తే ఇంకో రెండు పాత కుర్చీలు కూడా ఇచ్చేవాడే.

రమణమ్మ ఆ ఫోటో చూసింది. అందులో రూతమ్మ ముఖం సగమే పడింది. కుర్చీ మొత్తం పడింది. ఆ వారం రెండు చీరలు, మందుల డబ్బా సంచిలో పెట్టుకుని రూతమ్మ ఇంటికే వచ్చేసింది. రాత్రి రెబెకా, రమణమ్మ నేల మీద పక్కపక్కన పడుకునేవారు. రెబెకా ఆసుపత్రి కబుర్లు చెబుతుంటే మధ్యలో రూతమ్మ మంచం మీంచి తప్పులు దిద్దేది.

చలికాలంలో రూతమ్మ నిద్రలోనే పోయింది. సమాధుల తోటకు మోహనకృష్ణ బండి చక్రమంత పూలదండ తెచ్చాడు. రిబ్బను మీద ఆమె పేరు కంటే ఆయన పేరు పెద్దది. రమణమ్మ ఏడ్చి ఏడ్చి ఒక చెట్టు కింద కూర్చుంటే దగ్గరికొచ్చాడు.

“బస్, ఇంక చాలు. అయిపోయింది కదా. ఇంక ఇంటికి రా.”

“ఏటయిపోయింది?”

“సిస్టరమ్మ పోయింది కదే. నువ్విప్పుడెవరికి చెయ్యాలి?”

రమణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. ఆమెకు కోపం రాలేదు. జాలి కూడా అంతగా రాలేదు. “వెనక వీధిలో నాంచారమ్మ గారికి తుంటి ఎముక విరిగిందండీ. రండి, మీకూ పనుంది. ఆవిడ బాగా బరువు” అంది.

ఆయన గడియారం చూసుకున్నాడు. ఎవరో ఇల్లు చూడ్డానికొస్తున్నారని చెప్పి కారెక్కాడు.

రమణమ్మ రెబెకా స్కూటీ మీద నాంచారమ్మ ఇంటికి వెళ్లింది. ఆవిడ రూతమ్మ కంటే గడుసుది. కలిపిచ్చిన టీ ఒక్క గుక్క తాగి, “నీళ్లలా ఉంది, తీసుకుపో” అని గ్లాసు తోసేసింది. రమణమ్మ ముక్కు చీదుకుని, లేచి, పొయ్యి మీద మళ్లీ పాలు పెట్టింది.