పెళ్లి కట్టెలు

మంసాపురం దారిలో మా మామిడితోట పక్కన నా కొడుకు రఘురామ మిల్లు పని మానేసి క్రిస్మస్ చెట్లు వేశాడు. అవి అమ్ముకునే బతకాలి. మన ఎండకు చచ్చిపోతాయని భయపడ్డాను. చావలేదు. గాలికి విరుగుతాయనుకున్నాను. విరగలేదు. ఈ ఏడు మోటారు చెడి చెట్లు నీళ్లు లేక వాడిపోయాయి. ఆ తర్వాత ఒకదాని మానుకు సూదితో పొడిచినట్టు బెజ్జాలు, వాటిలోంచి కారిన జిగురు కనిపించాయి.

రఘురామ పట్టించుకోలేదు. "ఇది వేరే దేశం చెట్టమ్మా. మన పురుగుకు దీని రుచి ఎట్ల తెలుస్తుంది? నువ్వు ఊరికే కవలైపడి దిగులు పెట్టుకుంటా ఉండావు," అన్నాడు.

నా మనసు ఊరుకోలేదు. వ్యవసాయం చదివిన మా అమ్మాయి నివేదితను తోటకు తీసుకెళ్లాను. వచ్చే నెలే దాని పెళ్లి. అది కత్తితో బెరడు లేపింది. పురుగులు జిగురులో మునిగి చచ్చి ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. ఇంకాస్త లేపితే తెల్లటి పిల్లపురుగులు కదులుతున్నాయి.

"చచ్చినవాటిని చూసి సంతోషపడకు. జిగురును తట్టుకున్నవి గుడ్లు పెట్టినాయి. ఈ బెరడు తిని పెరిగినవి రేపు ఈ చెట్లనే వెతుక్కుంటా పోతాయి," అంది.

అవి ఎక్కడినుంచి వచ్చాయో పక్కనే ఉంది. మా ఇంట్లో పెళ్లివంట మా తోట మామిడికట్టెల మీదే అవుతుంది. కొట్టించిన కట్టెలను మామిడిచెట్ల దగ్గర పెడితే చెట్లకు పురుగు ఎక్కుతుందని, రఘురామ తీసుకొచ్చి ఈ చెట్టుకు ఆనించి పేర్చాడు. కట్టెల బెరడు కిందా అదే పురుగు.

చెట్టునూ కట్టెలనూ ఈరోజే కాల్చేయాలంది నివేదిత. రఘురామ చెట్టు నరికాడు. కట్టెల దగ్గరకొచ్చి ఆగి, నావైపు తిరిగాడు.

"కల్యాణం కట్టెలు ముందే కాల్చేదా అమ్మా?"

బల్లి పలికితే ప్రయాణం ఆపే మనిషిని నేను. వాటిమీద వంట కాకుండా ఊరికే బూడిదైతే పిల్లకు ఏమవుతుందో. కాల్చకపోతే పిల్లవాడి తోట ఏమవుతుందో.

మోటారు గదిలోంచి గిన్నె, బియ్యం, బెల్లం తెచ్చాను. మూడు రాళ్లు పెట్టి, ఆ కట్టెలతోనే పొయ్యి వెలిగించి పొంగలి ఎక్కించాను. అది దిగాక మిగతా కట్టెలన్నీ, చెట్టుతో సహా, ఆ మంటలోనే వేయమన్నాను.

"నీ కల్యాణం వంట మొదలైంది, తిను," అని మొదటి ముద్ద నివేదితకు పెట్టాను.

"పొగ వాసన కొడతా ఉంది," అంది నములుతూ.

అది తింటుంటే నేను లేచి పక్క చెట్టు మానంతా చేత్తో తడిమాను. బెజ్జాలు తగల్లేదు. అవతలి చెట్టు దగ్గరకు వెళ్లాను.