పగడం నోరు

జమ్లి మెడలో ఉన్న ఒంటి పగడం అత్త వేసింది. ఇరవై ఏళ్లుగా అది రాయే అనుకుంది, పాపం. హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే కూతురు ద్వాలి సెలవులకు తండాకొచ్చి ఆ నమ్మకం కాస్తా పోగొట్టింది.

"రాయి కాదు యాడీ! సన్నసన్న జీవాలు కట్టుకున్న గూడు. సముద్రంల బండకు అతుక్కొని బతుకుతయి. కాళ్లుండవు, ఎటూ పోలేవు. ఎనిమిదెనిమిది చేతులు చాపి, నీళ్లు ఏది తెస్తే అది పట్టి నోట్లె ఏసుకుంటయి. ఏదన్నా తగిలితే లోపలికి ముడుచుకుంటయి."

"అయ్యో! మరి ఇన్నేండ్లు నా మెడల ఏం తిన్నయే?"

ద్వాలి పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వింది, తల్లికి మనసొప్పుతుందా? మర్నాడు పొద్దున్నే జమ్లి గిన్నెలో ఉప్పునీళ్లు పోసి, చిటికెడు జొన్నపిండి చల్లి, పగడాన్ని అందులో వేసింది.

"అవి ఎప్పుడో చచ్చినయే యాడీ! గిది ఒట్టి గూడు!"

వింటేగా! రోజూ అదే తంతు. చివరికి ద్వాలే గిన్నె మీదికి వంగి, "మా యాడీ పెట్టింది, సిగ్గుపడకుండ తినుండ్రి," అని వేళాకోళం ఆడేది.

గోదావరి పొంగిన ఏడది. తండా చుట్టూ వాగులు ఏకమయ్యాయి. సరిగ్గా అప్పుడే ద్వాలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. దవాఖానాకు దారి దొరుకుతుందేమోనని తండ్రి లాలు మూడుసార్లు వాగు దాకా వెళ్లి, మూడుసార్లూ తడిసి తిరిగొచ్చాడు.

"ఎటూ పోలేము," అన్నాడు.

కాచిన నీళ్లలో ఉప్పూ చక్కెరా కలిపి తాగించమని ద్వాలే చెప్పింది. బళ్లో నేర్చుకుందట. జమ్లి చెంచాతో పోసింది. మొదటి రోజు తాగింది. రెండో రోజు మధ్యాహ్నానికి పెదవులు బిగుసుకున్నాయి.

"నువ్వు కదలకు బిడ్డా. నోరొక్కటి తెరువు. నీళ్లు నేను తెస్త గద!"

బతిమాలింది. తిట్టింది. మళ్లీ బతిమాలింది. పోసిన నీళ్లు పోసినట్టే చెంపల మీదుగా జారిపోయాయి. దీపం పెట్టే వేళకు ద్వాలి ప్రాణం పోయింది. ఆ తల్లి గుండెకోత పగవాళ్లకు కూడా వద్దు.

నాలుగు రోజులకు వాగులు తగ్గాయి. పొద్దున్నే జమ్లి గిన్నెలో ఉప్పునీళ్లు పోసి పగడం వేసింది. లాలు చూసి తట్టుకోలేకపోయాడు.

"అది చచ్చింది జమ్లీ. బిడ్డ చెప్పలేదా నీకు?"

"అవ్, చచ్చింది. నాకు తెల్వదా?" జమ్లి తలెత్తలేదు. "పెట్టకుంట ఎట్లుండాలె?"

చిటికెడు పిండి తీసుకుని గిన్నె మీదికి వంగింది.

"సిగ్గుపడకుండ తిను బిడ్డా," అంది.