ఇరీనాకి ఇచ్చిన ఓటు

"మా ఇంట్లో ఓట్లు రెండు, అభిప్రాయం ఒకటే" అన్నాడు మా ఆయన శ్యామ్‌సుందర్ ఫ్యామిలీ రూమ్‌లోంచి. అతని స్నేహితుడు ఉదయ్ నవ్విన చప్పుడు వినిపించింది. నేను వంటింట్లో మిరపకాయల్ని చీరి, గింజలు తీసి, వాము ముద్ద కూరుతున్నాను. ల్యాబ్‌లో పొద్దుటి షిఫ్ట్ చేసి అప్పుడే ఇంటికొచ్చాను. బట్టలైనా మార్చుకోలేదు. శుక్రవారం కాబట్టి మగవాళ్ళిద్దరికీ ఇంటి నుంచి పని. అంటే లాప్‌టాప్ ఒళ్ళో, కళ్ళు టీవీ మీద.

లండన్‌లో అధికార పార్టీకి కొత్త నాయకుణ్ణి ఎన్నుకుంటున్నారు. గెలిచినవాళ్ళే ప్రధానమంత్రి. చివరికి మిగిలిన ఇద్దరిలో ఒకరు మన మూలాలున్నవాడు. దాంతో ఇక్కడ న్యూజెర్సీలో, మా ఎడిసన్‌లో ఎవరింటికెళ్ళినా అదే మాట, ఓక్ ట్రీ రోడ్డులో కరివేపాకు కొంటున్నా అదే మాట: మనవాడు. వాళ్ళందరికీ అది కబుర్లు చెప్పుకునే విషయమే కానీ శ్యామ్‌కి మాత్రం నిజంగా ఓటుంది. మేం లండన్‌లోని హారోలో పదకొండేళ్ళుండి, మా పాప అనికకి రెండేళ్ళప్పుడు ఇక్కడికొచ్చాం. అక్కడుండగా శ్యామ్ ఆ పార్టీలో సభ్యుడయ్యాడు. నన్నూ చేర్చాడు. చేర్చాక చెప్పాడు. దేశం వదిలినా సభ్యత్వం వదల్లేదు. సభ్యులు ఏ దేశంలో ఉన్నా ఓటెయ్యొచ్చట. అలా ఇద్దరి పేర్లతో రెండు బ్యాలెట్లు పోస్టులో ఎడిసన్ దాకా వచ్చాయి. నా పేరున్న కవరు కూడా అతనే చించాడు.

"అన్నా, నువ్వు న్యూజెర్సీల కూసోని ఇంగ్లండ్ ప్రైమ్ మినిస్టర్‌ని పెడుతున్నవ్. నాకేమో పన్నెండేండ్ల సంది గ్రీన్‌కార్డ్ దిక్కు లేదు" అన్నాడు ఉదయ్.

"నీకో ఓటు అప్పిస్తా, వేస్తావా? రేణుది ఖాళీగానే ఉంది."

మళ్ళీ నవ్వులు. ఉదయ్ భార్య హంసిక నా పక్కకొచ్చి నిలబడింది. ఏమీ అడక్కుండా శనగపిండి గిన్నె తన వైపు లాక్కుని కలపడం మొదలుపెట్టింది. ఆ పిల్లలో నాకు నచ్చేది అదే. సాయం చెయ్యనా అని అడిగి, వద్దులే అనే భారం కూడా నా మీద పెట్టదు.

మొదటి వాయి పళ్ళెంలో సర్ది నేనే పట్టుకెళ్ళాను. టీవీలో చర్చకి విరామం. శ్యామ్ రెండు బ్యాలెట్లూ కాఫీ టేబుల్ మీద పక్కపక్కన పరిచి, పెన్ను మూత తీసి ఉన్నాడు. "మనవాళ్ళు మనవాడికి వెయ్యడం కూడా ఒక ముచ్చటేరా" అంటున్నాడు. "ఫొటో తియ్యి."

"వదినని అడగవా అన్నా?"

"అడిగితే ఏమంటుందో నాకు తెలుసు కదా. అయినా రేణు ఓటు వెయ్యడం నాకు కొత్తేం కాదు." బజ్జీ తుంచి చట్నీలో ముంచాడు. "యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా పోవాలా అని బ్రిటన్‌లో రెఫరెండం పెట్టిన రోజు ఈవిడ హాస్పిటల్లో ఉంది, అనిక పుట్టే ముందు. తన బదులు ప్రాక్సీగా నన్ను పంపించింది, ఉండాలని రిమైన్‌కి వెయ్యమని. నేను వెళ్ళి, పోవాలని లీవ్‌కి కొట్టేశాను. ఇవాళ్టి దాకా తనకి చెప్పలేదు. బ్రెగ్జిట్‌లో మా ఆవిడ చెయ్యి కూడా ఉందిరా."

ఉదయ్ నవ్వాడు, తరవాత నా ముఖం చూసి ఆపేశాడు. శ్యామ్ ఆపలేదు. పళ్ళెం టేబుల్ మీద పెట్టాను. వెనక్కి వచ్చి పొయ్యి ముందు నిలబడ్డాను. నూనె కాగుతోంది. "అక్కా" అంది హంసిక. "ఏం లేదు" అన్నాను.

ఏం లేదు అనడం నాకు బాగా అలవాటు. అత్తయ్యగారు హారోకి వచ్చిన మొదటి వారంలోనే చెప్పారు, "మగవాళ్ళు దేశం సంగతులు మాట్లాడుకుంటుంటే మధ్యలో నీ ఆఫీసు గొడవలు పెట్టకమ్మా" అని. నా ఆఫీసు గొడవ అంటే ఆసుపత్రి ల్యాబ్‌లో నన్ను ఒక విభాగం నడిపే సెక్షన్ లీడ్‌గా ఉండమని అడగడం. ఒక విందులో ఎదురుపడ్డ మా మేనేజర్‌తో శ్యామే నవ్వుతూ చెప్పేశాడు, "పాపాయి రాబోతోంది కదా, రేణు ఇప్పుడు రెస్ట్ తీసుకుంటుంది" అని. అమెరికా ఆఫర్ వచ్చినప్పుడు వాళ్ళ కంపెనీకి రాసిన మెయిల్‌లో, నా భార్య చాలా ఉత్సాహంగా ఉంది అని రాశాడు. ఆ భార్య ఆ మెయిల్ వెళ్ళాక విషయం విన్నది. ఇక్కడికొచ్చి నా చదువుకి ఇక్కడి పరీక్షలు మళ్ళీ రాసి, జూనియర్లతో సమానంగా రక్తం గొట్టాలు తిప్పుతుంటే, "రేణుకి పెద్దగా యాంబిషన్ లేదు, అది తన అదృష్టం" అన్నాడు ఎవరితోనో. అవన్నీ నేను మింగాను. అవి నావి, నేను మింగగలిగాను. ఇది నాది కాదు.

ఆ రోజు బీపీ పెరిగి నన్ను వార్డులో పడుకోబెట్టారు. మంచం దిగొద్దన్నారు. లేచి కూర్చుంటే కళ్ళ ముందు చుక్కలు. బయట వాన. వార్డులో అందరూ ఓటు గురించే మాట్లాడుతున్నారు, గొంతులు తగ్గించి. ఎందుకంటే మమ్మల్ని చూసుకునేవాళ్ళలో సగం మంది యూరప్ నుంచి వచ్చినవాళ్ళు. నా కాన్పు చూసే మిడ్‌వైఫ్ ఇరీనా రొమేనియా అమ్మాయి. నా చేతికి బీపీ పట్టా చుడుతూ, "నువ్వు వేసుంటే ఎటు వేసేదానివి?" అనలేదు. "నొప్పిగా ఉందా?" అని మాత్రం అడిగింది. పక్క మంచం ఆవిడ తల్లి, ఇరీనా తెచ్చిన నీళ్ళు తాగి గ్లాసు తిరిగిస్తూ, "ఇంక మీ ఇంటికి ఎప్పుడెళ్తావమ్మా?" అని అడిగింది, ఎంతో మర్యాదగా. ఇరీనా గ్లాసు తీసుకుని, "నా షిఫ్ట్ అయ్యాక" అంది. ఆ జవాబు విన్నాక నాకు ఓటు వెయ్యాలనిపించింది. అంతకు ముందు అంత పట్టింపు లేదు. మనలాంటి బయటివాళ్ళకి ఓటుంది, కామన్వెల్త్ దేశం నుంచి వచ్చాం కాబట్టి. ఇరీనాకి లేదు. ఉండాలా పోవాలా అని అందరూ తేలుస్తున్నది ఆమె గురించి, కానీ ఆమెని అడిగేవాళ్ళు లేరు.

హఠాత్తుగా ఆసుపత్రిలో చేరినవాళ్ళు తమ బదులు ఇంకొకర్ని పంపొచ్చని కనుక్కొచ్చింది కూడా ఇరీనాయే. కాగితం తెచ్చింది. రోగి కదల్లేని స్థితిలో ఉందని నర్సో మిడ్‌వైఫో సంతకం పెట్టాలి. తనే పెట్టింది. నేను సంతకం చేస్తుంటే నా మోచెయ్యి కింద దిండు సర్దింది. "ఇరీనా, ఇది నీ ఓటు. నేను పంపిస్తున్నానంతే" అన్నాను. ఆమె నా కాళ్ళ మీద దుప్పటి కప్పి, వేళ్ళ చివర్లు ఒక్కసారి నొక్కి వెళ్ళిపోయింది. శ్యామ్ ఆ కాగితం తీసుకుని, నా నుదుటి మీద ముద్దు పెట్టి, వానలో పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. ఎంత మంచివాణ్ణి కట్టుకున్నాను అనుకున్నాను. ఇదిగో, ఇప్పుడు నన్ను మండిస్తున్నది ఆ మాటే.

తెల్లవారేసరికి అనిక పుట్టింది, ఫలితం వచ్చింది. ఇరీనా పాపని తుడిచి నా గుండెల మీద పెట్టి, "మనం ఓడిపోయాం. నువ్వు మాత్రం నాకు ఓటేశావు" అంది. రెండేళ్ళకి ఆమె కూడా వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. అయినా అనిక పుట్టినరోజు వచ్చిందంటే ఆమె నుంచి వీడియో కాల్ వస్తుంది. చేసిన ప్రతిసారీ అనికతో అదే చెబుతుంది, నువ్వొచ్చిన రోజు మీ అమ్మ నాకు ఓటేసింది అని. ఆ కాల్స్‌లో శ్యామ్ నా పక్కనే కూర్చునేవాడు. చెయ్యి ఊపేవాడు. నవ్వేవాడు. ఆరేళ్ళు.

"రేణూ, రా. నీ ఓటు వేస్తున్నాం, ఫొటోలో ఉందువుగాని" అని పిలిచాడు.

చిల్లుల గరిటె నా చేతిలోనే ఉంది. హంసిక మెల్లగా అందుకుంది. "నేను చూసుకుంటా, మీరు పోండి అక్కా" అంది. నేను వెళ్ళి అతని చేతి కింద ఉన్న నా బ్యాలెట్ లాగాను.

"ఎందుకు?"

"ఓటు వేసుకోవడానికి."

"మనవాడికేగా?"

"అది నా కాగితం శ్యామ్."

"అబ్బా, ఆ పాత సంగతా? జోక్‌గా అన్నాను." ఉదయ్ వైపు తిరిగాడు. "చూడరా, పదిహేడు మిలియన్ల మంది వేశారు. నా ఒక్కడి వల్లే అయిపోయినట్టు." మళ్ళీ నా వైపు. "నీ మంచికే వేశాను. మా తమ్ముడికి వీసా రెండుసార్లు కొట్టేశారు. ఈ యూరప్‌వాళ్ళేమో ఒక్క కాగితం లేకుండా విమానం దిగేవాళ్ళు. మనవాళ్ళ గురించి మనం ఆలోచించుకోవద్దా? అప్పుడు నీకు బీపీ ఎక్కువుంది. నీతో వాదించడం ఎందుకనుకున్నాను."

"వాదించాల్సింది. వాదించి, నేను ఒప్పుకోకపోతే కాగితం తిరిగి ఇచ్చేయాల్సింది."

"ఒక్క ఓటు రేణూ."

"ఆ రోజు ఆ ఓటు నేను నీకివ్వలేదు. ఇరీనాకిచ్చాను. నువ్వు మోసుకెళ్ళాల్సినవాడివి, అంతే."

ఉదయ్ లేచి, "అన్నా, మేం పోయొస్తం" అన్నాడు. శ్యామ్ ముఖం అప్పుడు ఎర్రబడింది. నేను బాధపడినందుకు కాదు, ఉదయ్ లేచినందుకు. నేను మెట్ల మీద కూర్చుని, నాకు నచ్చిన పేరు పక్కన గుర్తు పెట్టి, కవరు అంటించాను. ఎవరికి వేశానో అతను అడిగాడు. చెప్పలేదు. ఉదయ్‌వాళ్ళ కారు వెళ్ళిపోయాక మళ్ళీ అడిగాడు. నలుగురిలో పరువు తీశావన్నాడు. తరవాత గొంతు మార్చాడు. "ఇరీనాకి చెప్పకు రేణూ. ఆవిడకి ఇప్పుడు తెలిస్తే ఒరిగేదేముంది? బాధపడుతుంది." అదొక్కటే నిజంగా భయపడి అన్న మాట. అందులో కొంత దయ కూడా ఉందేమో. ఆమె బాధ అతనికి అక్కర్లేదని నేననను. కానీ ఆమెకేం తెలియాలో, నాకేం తెలియాలో, ఎవరు ఎంత బాధ తట్టుకోగలరో, అన్నీ తనే తేల్చేస్తాడు. మళ్ళీ ఒక ఓటు వేసేస్తున్నాడు, ఈసారి మా ఇద్దరి తరఫునా.

"నేను చెప్పను" అన్నాను. అతను తేలిగ్గా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి విన్నాకే నాకు దారి తెలిసింది.

శనివారం పొద్దున అనిక సీరియల్ తింటోంది. ఇరీనాకి అప్పుడు సాయంత్రం. శ్యామ్ కాఫీ కప్పుతో వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు, నిన్నటి సంగతి అయిపోయిందన్నట్టు. నేను ఫోన్ తీసి కాల్ కలిపాను. తెర మీద పేరు చూసి కప్పు కింద పెట్టాడు.

"చెప్పనన్నావుగా?"

"అవును. ఇన్నేళ్ళూ నా తరఫున నువ్వు మాట్లాడావు. నీ తరఫున నేను మాట్లాడను."

"రేణూ, ప్లీజ్. అనిక ముందు."

"అనిక పుట్టిన రోజు సంగతే ఇది. దానికీ తెలియాలి."

రింగ్ ఆగింది. తెర నిండా ఇరీనా నవ్వు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, వెనకాల కిటికీలో ఎండ. "ఇవాళ పుట్టినరోజు కాదే, ఏంటి విశేషం?" అంటోంది ఇంగ్లీషులో.

"శ్యామ్ నీతో ఒక మాట చెప్పాలట" అన్నాను, ఫోన్ అతని ముఖం వైపు తిప్పి పట్టుకుని.